ఎర్రకర్రల సవతులు

1. నీళ్ళ రోజు

నాకు మాటపెట్టె ఇచ్చారు. చేసిన పనీ చూసిన శవమూ ఏరోజుకారోజు దీనికి చెప్పాలట, అదే దిద్దుకుని రాసుకుంటుందట. తిట్లు మాత్రం దిద్దవద్దని ముందే చెప్పాను. నా పక్కన ఎప్పుడూ పార్వతాలు ఉంటుంది. దాని మాటల్లోంచి తిట్లు తీసేస్తే మిగిలేది దగ్గు ఒక్కటే.

నా పేరు గవరమ్మ. పార్వతాలు నా సవతి. మమ్మల్నిద్దరినీ కట్టుకున్న అప్పలకొండ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పోగానే మేం చెరో దారి పడతామని ఊరు అనుకుంది. మా ఊరు భూమికి దూరంగా చుక్కల మధ్య తిరిగే పెద్ద గొట్టం, దాని లోపలి గోడ చుట్టూ మా ఇళ్ళు. ఈ గొట్టంలో చెరో దారి ఎక్కడుంది? ఇటు తిన్నగా నడిచినా అటు తిన్నగా నడిచినా వంపు తిరిగి మన గుమ్మం ముందుకే వస్తాం. తల ఎత్తితే ఆకాశం ఉండదు, ఎదుటి వీధివాళ్ళ ఇళ్ళు తలకిందులుగా కనిపిస్తాయి. వాళ్ళేం వండారో మనకి తెలుస్తుంది, మనం ఎవర్ని తిట్టామో వాళ్ళకి తెలుస్తుంది. అందుకని ఒకే ఇంట్లో ఉండి తిట్టుకుంటున్నాం.

ఇవాళ కుళాయి దగ్గర బిందెలు నింపుతుంటే వరసలో వాళ్ళంతా ఒక్కసారి చెదిరిపోయారు. చూద్దును కదా, కొంగ. మనిషంత కొంగ, బూట్లు తొడుక్కుని నడిచొస్తోంది. నా చేతిలో బిందె జారి పార్వతాలు కాలిమీద పడింది.

"ఏం బాబూ, ఎక్కడ గుడ్లు పెడదామని బయల్దేరావు?" అంది పార్వతాలు, కాలు పట్టుకుని గెంతుతూనే.

ఆ కొంగ మా ఆరోగ్య పెద్ద కోదండపాణి. ముఖానికి రేకుతో చేసిన పొడుగాటి ముక్కు, దాన్నిండా లవంగాలూ కర్పూరమూ. గాలికి ప్లేగు ఎక్కకుండానట. బయట్నుంచి వచ్చిన గింజల ఓడతో పాటు ప్లేగు కూడా దిగిందని వారం నుంచి వింటూనే ఉన్నాను. విన్న దగ్గర్నుంచీ రోజూ చంకలు తడుముకుంటూనే ఉన్నాను.

"అమ్మా, మీరిద్దరూ శవాలు చూడాలి" అన్నాడు.

"ముందు నీది చూపించు" అంది పార్వతాలు.

అతను కోప్పడలేదు. విడమరిచి చెప్పాడు. మా వైద్యం పెట్టెలో ఒకప్పుడు అన్ని జబ్బులకీ మందులు రాసి ఉండేవి. వెనకటి పాలకులు పాటలకి చోటు చాలడం లేదని అవన్నీ చెరిపేశారు. ఇప్పుడు ఆ పెట్టెకి ఒంట్లో బాలేదని చెబితే యుగళగీతం పాడుతుంది. ప్లేగు గురించి గొట్టం మొత్తంలో మిగిలింది ఆరో తరగతి చరిత్ర పాఠం ఒక్కటే. భూమ్మీద యూరప్ అనే చోట వందల ఏళ్ళ కిందట ప్లేగు వచ్చినప్పుడు అక్కడివాళ్ళు ఏం చేశారో అందులో ఉంది. ఆ పాఠంలో కోదండపాణికి ఫస్టు మార్కు. ఇప్పుడు అదే మాకు చట్టం.

లండన్ అనే ఊళ్ళో ఎవరైనా పోతే ఇద్దరు ముసలి విధవలు వెళ్ళి శవాన్ని చూసి, అది ప్లేగో మామూలు చావో చెప్పేవారట. జనం తప్పుకోడానికి చేతిలో ఎర్రకర్ర పట్టుకునేవారట. ప్లేగు అని తేలితే ఆ ఇంటిని, లోపలున్న మనుషులతో సహా, నలభై రోజులు మూసెయ్యాలి. ఈలోగా లోపల ఇంకొకరు పోతే మళ్ళీ మొదట్నుంచి నలభై.

"ఇద్దరి మాటా ఒకటే కావాలి" అన్నాడు. "వేరువేరుగా చెబితే ఆరోగ్య పెద్ద స్వయంగా శవాన్ని చూసి తేల్చాలి." ఆ ముక్క చెప్పేటప్పుడు కొంగముక్కు కాస్త వణికింది.

"ఇవన్నీ చేస్తే అక్కడ ప్లేగు పోయిందా నాయనా?" అని అడిగాను.

"అది ఏడో తరగతిలో ఉంటుందమ్మా."

"ఆ పుస్తకం?"

"చెరిపేశారు."

2. సంత రోజు

ఎర్రకర్రతో నడవడం విచిత్రంగా ఉంది. టక్కుమని నేలమీద కొడితే చాలు, జనం గోడవైపు తిరిగిపోతున్నారు. ప్లేగు చూపులోంచి కూడా ఎక్కుతుందని పాఠంలో ఉందట. అందుకని పై వీధివాళ్ళు సైతం కళ్ళు మూసుకోవాలని కోదండపాణి దండోరా వేయించాడు. పెళ్ళైన కొత్తలో అప్పలకొండతో సంతకి పోతే ఊరంతా గుచ్చి గుచ్చి చూసేది. ఇప్పుడు వీపులు తప్ప ఏమీ కనబడవు. నాకు ఏడుపొచ్చింది. పార్వతాలు మాత్రం బజ్జీల బండి దగ్గర ఆగి, బండివాడు గోడకి ముఖం పెట్టుకుని నిలబడ్డంతసేపూ తింది.

మొదటి శవం పచ్చళ్ళ వీర్రాజుది. దుప్పటి తీసి చూస్తే నడుము పక్కన ఇంత ఎత్తున గడ్డ. నా ప్రాణం ఎగిరిపోయింది.

"ప్లేగే! బాబోయ్, ప్లేగే!" అని గుమ్మందాకా పరిగెత్తాను.

వీధిలో వీర్రాజు కోడళ్ళు ఘొల్లుమన్నారు. పార్వతాలు ఆ గడ్డ మీద చెయ్యి వేసింది, లోపలికి పోనిచ్చింది, మొలలోంచి చుట్టల కట్ట బయటికి లాగింది.

"మామూలే" అని కేకేసింది. "అక్కా, ఆ అరుపేంటి? ఆయన లేచి కూచుంటాడేమోనని హడిలిపోయాను."

చుట్టల కట్ట తన మొలలో దోపుకుంది. పొగాకు కాలిస్తే ప్లేగు రాదని యూరప్‌వాళ్ళు చిన్నపిల్లల చేత కూడా తాగించారని కోదండపాణి అన్నాడట. చదువు మీద దీనికింత గౌరవం ఉందని నాకు తెలియదు.

ఇంటికొచ్చి వెనిగర్‌తో చేతులు కడుక్కున్నాను, కాళ్ళు కడుక్కున్నాను, కర్ర కడిగాను, మాటపెట్టె కడిగాను. కాసేపు దీనికి గొంతు బొంగురుపోయింది.

3. గాలి మార్చే రోజు

పాఠంలో మూడో పేరా: వీధుల్లో పెద్ద పెద్ద మంటలు వేసి గాలిని శుభ్రపరిచేవారు.

కోదండపాణి వేయించాడు. నాలుగు కూడళ్ళలో నాలుగు మంటలు. పాత మంచాలు, విరిగిన బల్లలు, ఎవరిదో బీరువా. పొగ పైకి పోవడానికి పైన ఏముంది? పై వీధి ఉంది. వాళ్ళ పొగ మా నెత్తిన, మా పొగ వాళ్ళ నెత్తిన. గాలి పంకాలు కీచుమని ఆగిపోయాయి. ఊరు ఊరంతా దగ్గు. నేను చావు దగ్గరికొచ్చిందని కొత్త చీర కట్టుకుని పడుకున్నాను.

మంటలార్పింది గాలి మేస్త్రి గంగరాజు. పెద్ద నీళ్ళ పైపు ఒకటి భుజాన వేసుకుని వచ్చి నీళ్ళు కొట్టాడు. తరవాత కోదండపాణి ముందు నిలబడి, "ఊరంతా డబ్బాలో ఉన్నామండీ. డబ్బాలో మంటెవడు పెడతాడండీ, నాకు తెలీకడుగుతాను!" అన్నాడు.

"పాఠంలో ఉంది" అన్నాడు కోదండపాణి దగ్గుతూ.

"వాళ్ళకి పైన ఆకాశం ఉందండీ బాబూ!"

గంగరాజు ఇల్లు సరిగ్గా మా ఇంటికి ఎదురు, అంటే మా నెత్తిమీద. తల ఎత్తితే వాళ్ళ పెరడు కనిపిస్తుంది. పెళ్ళాం జోగమ్మ, ముగ్గురు పిల్లలు, ముసలి తల్లి. పెద్దపిల్ల సుందరి నాకు రోజూ చెయ్యి ఊపుతుంది. అది ఊపిన చెయ్యి కిందికి ఊపినట్టు ఉంటుంది నాకు.

వెళ్తూ వెళ్తూ గంగరాజు మా గుమ్మం దగ్గర ఆగాడు.

"పిన్నీ, మా అమ్మకి నిన్నట్నుంచీ జ్వరం. ఈ పొగ వల్లేనంటావా?"

"పొగ వల్లే" అన్నాను. అబద్ధం చెప్పానేమోనని పొద్దుపోయేదాకా వాళ్ళ పెరడే చూశాను.

4. దీపాలు తుడిచే రోజు

గంగరాజు తల్లి పోయింది.

ఈసారి చుట్టలు కావు. చంకలో నల్లగా కమిలిన గడ్డ. నేను అరవలేదు. పార్వతాలు చాలాసేపు చూసి దుప్పటి కప్పింది. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు.

వీధిలో గోడవైపు తిరిగి నిలబడి కోదండపాణి అడిగాడు. "మొదటి మాట?"

"ప్లేగే" అన్నాను.

"రెండో మాట?"

"ప్లేగే" అంది పార్వతాలు.

సాయంత్రానికి పెరటి చుట్టూ రేకులు నిలబెట్టి, గుమ్మానికి రేకు పెట్టి అతికించేశారు. దానిమీద ఎర్రగా అడ్డగీత నిలువుగీత గీసి, కింద 'దేవుడా కరుణించు' అని రాయించాడు. అదీ పాఠంలోదే. ముందు కావలికి పోలయ్య అనేవాణ్ణి కూచోబెట్టారు, తిండి అందించడానికి గుమ్మంలో చిన్న కంత ఉంచారు, చావు కబురుకి లోపల గంట కట్టారు. వెనక గోడలో మనిషి దూరేంత చిన్న మూత ఒకటి ఉంది, లోపల ఎవరైనా పోతే శవాన్ని చూడటానికి. దాని తాళం మాది.

అతికిస్తున్నంతసేపూ లోపల్నుంచి గంగరాజు తలుపు బాదుతూనే ఉన్నాడు. "పిల్లలకేం లేదండీ! వాళ్ళనైనా వదలండి!" అని.

5. పిండి రోజు

రోజూ పొద్దున్నే వెళ్ళి మూత దగ్గర "ఎవరైనా పోయారా?" అని అడగాలి. అడిగే మాటా అది? ఇవాళ గంగరాజు మూత సందులోంచి ముఖం పెట్టాడు. జోగమ్మకి జ్వరమట. గజ్జల్లో నొప్పి అంటోందట. పిల్లలు మాత్రం బాగానే ఉన్నారు. అమ్మ దగ్గరికి వెళ్ళొద్దని ఎంత చెప్పినా చిన్నవాడు వినడు, వెళ్ళి కౌగిలించుకుని పడుకుంటున్నాడు. ఉన్నది ఒకే గది.

"పిన్నీ, నీకు దణ్ణం పెడతాను. పిల్లల్ని తీసుకుపో."

"చట్టం ఒప్పుకోదయ్యా" అన్నాను. చట్టం అనే మాట నా నోట్లోంచి రావడం నాకే వింతగా ఉంది.

ఇంటికెళ్ళాక పార్వతాలు మొదలెట్టింది.

"వాళ్ళని మూసింది మన నోరే కదా అక్కా."

"నిజం చెప్పాం. ప్లేగు కాదని చెబితే ఊరంతా అంటుకోదా? నువ్వూ నేనూ పోమా?"

"ఇల్లు మూయమన్నాం. గడ్డ లేనోళ్ళని గడ్డ ఉన్నదాని పక్కలో పడుకోబెట్టమన్నామా? పెరుగు విరిగిందని పాలన్నీ అందులోనే పొయ్యమన్నట్టుంది వీళ్ళ తెలివి."

"అయితే ఏం చేద్దామంటావు? పోలయ్య ఉన్నాడు, వీధి ఉంది, పై వీధి ఉంది. చూస్తే మనల్ని కూడా రేకేసి అతికిస్తారు. నాకు ఊపిరాడదు. నాకు తలుపు వేసుకుంటేనే ఊపిరాడదు."

పార్వతాలు కర్ర తీసుకుని బయటికి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను, ఏం కొంప ముంచుతుందోనని. టక్కు టక్కు. జనం గోడలకి తిరిగారు. బజ్జీలబండివాడు తిరిగాడు. అది వాడి వెనకాల నిలబడి చేతులు తిప్పుతూ గంతులేసింది. నాలుక బయటపెట్టింది. బండి చుట్టూ తిరిగింది. ఒక్కడు, ఒక్కడు కూడా తల తిప్పలేదు.

నా దగ్గరికొచ్చి చెవిలో అంది. "మనం ఇద్దరమో ఇరవైమందిమో ఈ గోడలకి ఎట్టా తెలుస్తుందే అక్కా?"

6. నీళ్ళ రోజు

ఇది చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. కానీ ఈ పెట్టెని నేను ముట్టాను గనక ఇక ఎవరూ ముట్టరు. కోదండపాణి దీన్ని కర్రతో కూడా తొయ్యడు.

గంగరాజు ఇంటి మూత దగ్గరికి చీపుళ్ళ కర్రలు తీసుకెళ్ళాం. జోగమ్మ కుంకుమ భరిణె లోపల్నుంచి అందించింది. కుంకుమలో నూనె కలిపి కర్రలకి పట్టించాం. అప్పలకొండ మీద బెంగతో నేను దాచుకున్న పెళ్ళిచీర గంగరాజుకి కట్టాం. మీసం మీద కొంగు కప్పితే పార్వతాలు కంటే అతనే బాగున్నాడు. సుందరికీ రెండోదానికీ చీరలు చుట్టి చేతికో కర్ర ఇచ్చాం. చిన్నవాణ్ణి నా కొంగులో మూటకట్టుకున్నాను.

చివరిదాకా గంగరాజు తన పెళ్ళాన్ని వదిలి రానన్నాడు. పోవాల్సింది మాత్రం అతనే. మేం అనుకున్న చోటు గొట్టం చివర మూతపడిన విత్తనాల కొట్టు. రేకు గోడలు, ఎలక దూరదు, కానీ గాలి లేదు. అందులోకి గాలి తిప్పడం తెలిసినవాడు అతనొక్కడే.

చాప మీంచి జోగమ్మ అంది, "నువ్వు లేకపోతే పిల్లలు ఊపిరాడక చస్తారు. నువ్వుంటే నేను బతుకుతానా ఏంటి? పో. నా మాట ఎప్పుడైనా విన్నావా, ఇదొక్కటి విను."

"దీన్నెవరు చూస్తారు?" అన్నాడు గంగరాజు.

"నేను" అంది పార్వతాలు. మూతలోంచి అప్పటికే ఒక కాలు లోపల పెట్టేసింది.

నేను దాని రెండో కాలు పట్టుకున్నాను. "నీకు మతి పోయిందా? ప్లేగు అది!"

"లోపల ఎవరూ కనబడకపోతే ఎదుటి వీధివాళ్ళకి అనుమానం రాదూ? బట్టలారెయ్యాలి, తిండి అందుకోవాలి. పైగా నువ్వు లేని ఇంట్లో కొన్నాళ్ళు ప్రశాంతంగా ఉందామని నాకు ఎప్పట్నుంచో కోరిక."

మూత వేసి తాళం పెట్టాను.

ఊరేగింపు బయల్దేరింది. పోలయ్య పక్కనుంచే దారి. వాడు గోడకి ముక్కు ఆనించి నిలబడ్డాడు.

"గవరమ్మ పిన్నీ, మీరిద్దరేగా, ఇన్ని చప్పుళ్ళేంటే?"

"మోకాళ్ళురా. నా వయసొస్తే నీవీ మోగుతాయి."

"అయ్ బాబోయ్" అన్నాడు జాలిగా.

కొంగులో మూట తుమ్మింది. నేను వెంటనే గట్టిగా తుమ్మాను. పోలయ్య గోడలోకి ఇంకొంచెం దూరాడు. కూడలిలో ఎదురైన కొంగ సైతం మా చప్పుడు విని, పక్కనున్న దుకాణం తలుపుకి తిరిగి నిలబడింది. ముక్కు పొడుగు గనక తలుపుకి దూరంగా నిలబడాల్సొచ్చింది.

7. బట్టల రోజు

పార్వతాలు లేదని ఎవరికీ తెలియలేదు. రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని టక్కుటక్కులాడిస్తూ పోతున్నాను. శవం దగ్గర మొదటి మాట నా గొంతుతో, రెండో మాట దాని గొంతుతో. దాని గొంతు పెట్టడం తేలిక, కాస్త ముక్కులోంచి, కాస్త చుట్ట కాల్చినట్టు. కానీ ఆ గొంతు పెట్టగానే మాటలు వాటంతటవే వచ్చేస్తున్నాయి. నిన్న ఒక ఇంట్లో పెద్దాయన అరగక పోతే, కోదండపాణి ఇంకా ఇంకా అడిగాడు. "నీ ముక్కులో లవంగాలు కూరలో వేసుకుని ఇంటికి పోరా" అన్నాను. నేను! అదేదో బాగానే ఉంది.

పిల్లలకి రోజూ అన్నం పట్టుకెళ్తున్నాను. విత్తనాల కొట్టు చల్లగా ఉంటుందని దుప్పట్లు మోశాను. వెళ్ళినప్పుడల్లా ముగ్గురి చంకలూ గజ్జలూ తడుముతాను. సుందరి నవ్వుతుంది. నాకు నవ్వు రాదు.

తల ఎత్తితే ఎదుటి పెరట్లో పార్వతాలు కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళ బట్టలన్నీ ఉతక్కుండానే తడిపి ఆరేస్తుంది, అందరూ ఉన్నట్టు. మూత దగ్గర అడిగితే జోగమ్మ రెండు ముద్దలు తిందనీ, తల దువ్వాననీ, ఉప్పు తక్కువ పంపిస్తున్నారని పోలయ్యని తిట్టమనీ చెబుతుంది.

నిన్న మాట్లాడేటప్పుడు గోడకి ఆనుకుని నిలబడింది. అది ఎప్పుడూ దేనికీ ఆనుకోదు.

8. గాలి మార్చే రోజు

పొద్దున్న పెరట్లో బట్టలు లేవు.

ఇంకా లేవలేదేమో అనుకున్నాను. కుంపటి అంటించాను, ఆర్పాను, మళ్ళీ అంటించాను. అప్పుడు గంట కొట్టారు. గంగరాజు ఇంటి గంట. లోపల ఒకరు పోయారు. ఒకరని చెబుతుంది గంట, ఎవరో చెప్పదు.

ఎలా నడిచానో తెలియదు. రెండు కర్రలూ ఒకే చేత్తో పట్టుకున్నాను, చప్పుడు కూడా సరిగ్గా చెయ్యలేదు. జనం ఊరికే తిరిగిపోయారు. మూత దగ్గరికి కోదండపాణి ముందే వచ్చి గోడవైపు నిలబడి ఉన్నాడు. ఆ ఇంట్లో ఇది రెండో చావు. ప్లేగైతే నలభై మళ్ళీ మొదలు.

మూత తీశాను. చాప మీద జోగమ్మ. తల నున్నగా దువ్వి ఉంది, బొట్టు పెట్టి ఉంది. ఆమె పక్కన పార్వతాలు, గోడకి జారగిలబడి, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. చెవి కింద మెడమీద గుడ్డంత గడ్డ.

నాకు మొదట వచ్చింది సంతోషం. జోగమ్మ పోయినందుకు కాదు. దేవుడు నన్ను క్షమించాలి.

"రావే" అన్నాను గుసగుసగా. "రెండు మాటలూ మామూలే అంటాను. మళ్ళీ నలభై పడదు. ఇంటికి పోదాం."

"ముట్టావంటే చేతులు విరగ్గొడతాను" అంది. గొంతు సగమే వచ్చింది. "ఆ పిల్లలకి రోజూ అన్నం పట్టుకెళ్ళేది నువ్వే. నన్ను ఇంట్లో పెట్టుకుని వాళ్ళ దగ్గరికి పోతావా? దీన్ని లోపల వదిలి వాళ్ళని బయటపడేసిందెందుకు మరి?"

"ఇంకో నలభై రోజులు ఒక్కదానివీ..."

"నలభై ఎక్కడే పిచ్చిమొహమా" అంది.

"మొదటి మాట?" అన్నాడు కోదండపాణి గోడతో.

"మామూలే" అన్నాను. కళ్ళెదుట ప్లేగు పడుకుని ఉండగా, చీమ కుట్టినా ప్లేగనుకునే నేను, ఆ మాట అన్నాను.

"రెండో మాట?"

గొంతు మార్చి ఊపిరి తీసుకునేలోపే లోపల్నుంచి వచ్చింది. "ప్లేగేరా కొంగా! బుద్ధిగా రాసుకో!"

ఇద్దరి మాటా కలవలేదు. ఇక చట్టం ప్రకారం కోదండపాణే చూడాలి. ఇన్ని చావుల్లో ఒక్క శవాన్ని కూడా చూడలేదు ఆ అబ్బాయి.

తిరిగాడు. మూతలో తల పెట్టబోయాడు. ముక్కు పట్టలేదు, ఠంగుమంది. పక్కకి తిప్పి పెట్టాడు, పట్టలేదు. చివరికి తాళ్ళు విప్పి తీసేశాడు. లవంగాలన్నీ నేలమీద దొర్లాయి. లోపల ఇరవై దాటీ దాటని ముఖం, చెమటతో పెసరపప్పులా నానిపోయి.

"ఓరి, నీ సొంత ముక్కు ఇంతేనా!" అంది పార్వతాలు.

అతను జోగమ్మని చూశాడు. పార్వతాలుని చూశాడు. గదంతా చూశాడు.

"గంగరాజేడి? పిల్లలేరి?"

నేను చెప్పేశాను. విత్తనాల కొట్టు, చీరలు, చీపురుకర్రలు, అంతా. దాచడానికి నాలో శక్తి లేదు. "వాళ్ళకి ఒంట్లో ఏమీ లేదు నాయనా. రోజూ తడుముతున్నాను. వాళ్ళని తీసుకొచ్చి మళ్ళీ ఇందులో పెట్టకు. కావాలంటే ఆ కొట్టుకే తాళం వెయ్యి."

"పాఠంలో ఇలా లేదు" అన్నాడు. ఏడుస్తున్నాడని అప్పుడు తెలిసింది నాకు.

"అయితే ఏడో తరగతిలో ఉండుంటుందిలే" అంది పార్వతాలు.

అతను ముఖం తుడుచుకున్నాడు. జోగమ్మ దగ్గర వంగి, దుప్పటి తన చేత్తోనే పైకి లాగి కప్పాడు. "ప్లేగు" అన్నాడు. "ఇంటికి మళ్ళీ నలభై. పిల్లలు ఉన్నచోటే ఉండనీ. అన్నం పంపిస్తాను."

"పంపడం కాదు" అన్నాను. "నువ్వే పట్టుకెళ్ళు. పెద్దదానికి కారం పడదు. చిన్నవాడికి దుప్పటి కాళ్ళమీంచి జారిపోతుంది, చూడు." రెండు కర్రలూ అతని చేతిలో పెట్టాను.

"గంగరాజుకి ఏం చెప్పను?"

"తల దువ్వించుకుని పోయిందని చెప్పు."

అప్పటికి నా కాలొకటి మూతలో ఉంది. దాన్నెప్పుడు పెట్టానో నాకే తెలియదు. నడుం దగ్గర ఇరుక్కుపోయాను. లోపల్నుంచి పార్వతాలు ఆపడానికి తోస్తోంది, నేను దూరడానికి తోస్తున్నాను. "నీకు తలుపు వేసుకుంటేనే ఊపిరాడదు కదే!" అని అరుస్తోంది. కోదండపాణి ఏం చెయ్యాలో తెలియక కాసేపు చూసి, చివరికి నన్ను వెనకనుంచి ఒక్క తోపు తోశాడు. జన్మలో అతను చేసిన మంచి పని అదొక్కటే.

9. ఏ రోజో తెలియదు

మాటపెట్టె నా కొంగులోనే ఉండిపోయింది. రేకు గుమ్మం అతికించి ఉంటే ఊపిరాడదనుకున్నాను. ఆడుతోంది. కంగారు పడటానికి పని ఎక్కువై మర్చిపోతున్నాను.

జోగమ్మని తీసుకెళ్ళారు. పార్వతాలు కొన్నాళ్ళు ఎవరెవరితోనో మాట్లాడింది, అప్పలకొండతో కూడా. నా గురించి ఆయనకి చెప్పిన చాడీలన్నీ విన్నాను. సగం నిజమే. జ్వరంలో ఒకసారి నన్ను గుర్తుపట్టి అడిగింది. "ఎందుకొచ్చావే అక్కా?"

"అంత దూరం నుంచి కంగారు పడటం నాకు చేతకావడం లేదు" అన్నాను.

ఇవాళ తెల్లారుతూనే దాని మెడమీద గడ్డ పగిలింది. ఆ కంపు చెప్పనలవి కాదు. గడ్డ పగిలినవాళ్ళు కొందరు బతికారని పాఠంలో ఉందట. కంతలోంచి తిండి ఇస్తూ కోదండపాణి చెప్పాడు. అతనికి ముక్కు లేదిప్పుడు. ఎర్రకర్ర పట్టుకుని పిల్లల దగ్గరికి పోతుంటే జనం గోడకి తిరుగుతున్నారట. పిల్లలు కులాసా. కారం విషయం మాత్రం మర్చిపోయాడట, సుందరి ఊరుకోలేదట.

కట్టు మారుస్తుంటే నా ఎడమ చంకలో ఏదో తగిలింది. పార్వతాలుని లేపాను. జ్వరం దిగిన నీరసంలో, ఒంటికన్ను తెరిచి, చెయ్యి పెట్టి తడిమింది. మళ్ళీ తడిమింది.

"మామూలే" అంది.

"నిజం చెప్పు."

"నీ కొవ్వే అక్కా. నేను కాపరానికొచ్చినప్పట్నుంచీ అక్కడే ఉంది."

"నా మీద జాలితో అబద్ధమాడుతున్నావు."

"శవాల విషయంలో నేనెప్పుడైనా అబద్ధమాడానా?"

"నేను శవాన్ని కాదు కదే!"

"కాదు కదా" అంది, అటు తిరిగి పడుకుంటూ. "అయితే లేచి గంజి కాయి."